రంపం ఆగేంతసేపు

బతికున్నన్నాళ్ళూ సరిగ్గా గ్రీజు కూడా పెట్టని యంత్రానికి, చచ్చాక రంగులు వేశారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు. ఆ ఎండాకాలమంతా మా రంపం మిల్లులో జరిగింది అదే.

మిల్లు మూతపడి అప్పటికి రెండేళ్ళు. పాత ఓనరు పోయాక అంతా కొడుకు చేతికొచ్చింది. అతను దుంగల యార్డును చదును చేయించి, దాని మీద ఫర్నిచర్ షోరూం కట్టించాడు. అందులో అమ్మే మంచాలూ బీరువాలూ ఎక్కడినుంచో అట్టపెట్టెల్లో దిగేవి. మా ఆయన ఒకసారి అక్కడి బల్ల అంచును గోటితో గీరి చూసి, "ఇది చెక్క కాదే, పొట్టులో జిగురు కలిపి నొక్కారు" అన్నాడు. అలా పొట్టు అమ్ముకునేవాడికి ఉన్నట్టుండి రంపం మీద భక్తి పుట్టింది. పాత కోత షెడ్డును అలాగే ఉంచి, అందులోని పెద్ద రంపాన్ని బాగుచేయించి, 'కలప పరిశ్రమకు నివాళి' అని బోర్డు పెట్టిస్తానన్నాడు. జనం రంపాన్ని చూడటానికొచ్చి మంచం కొనుక్కుపోతారని అతని ఆశ.

నివాళి అనగానే ఒక కమిటీ, కమిటీ అనగానే ఒక సెక్రటరీ. ఈ సెక్రటరీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పుట్టి బుద్ధెరిగాక చేతికి ఒక్క చెక్కపేడు గుచ్చుకున్న పాపాన పోలేదు. మొదటిరోజు షెడ్డులోకి అడుగుపెట్టి, కళ్ళు మూసుకుని గాలి పీల్చి, "ఇదీ శ్రమ వాసన" అన్నాడట. రెండేళ్ళుగా ఆ షెడ్డులో పిల్లులు కాపురం చేస్తున్నాయి. ఆయన పీల్చింది వాటి వాసన.

మేముండేది మిల్లు క్వార్టర్లలో. రెండు గదులూ ఒక వంటిల్లు. వంటింటి గోడకు అవతలివైపు కోత షెడ్డు. ఇంట్లో ముగ్గురం: నేను, మా ఆయన, మా తోడికోడలు. రంపం పళ్ళకు పదునుపెట్టడం, తెగిన రంపాన్ని అతకడం, యంత్రం బాగోగులు చూడటం మా ఆయన పని. అందుకని మిల్లంతా ఆయన్ని పళ్ళ డాక్టరు అనేది. తోడికోడలిని నేను అక్కా అని పిలుస్తాను. ఆమె భర్త, మా బావగారు, ఆ పెద్ద రంపం మీద కోత మేస్త్రీ. పంతొమ్మిదేళ్ళ కిందట ఆ రంపమే ఆయన్ని పొట్టనపెట్టుకుంది. మోటారు ఆపి, ఇరుక్కున్న చెక్కముక్క తీయబోతుంటే, ఇంకా తిరుగుతున్న రంపానికి చొక్కా చెయ్యి చిక్కుకుంది. విచారణకొచ్చిన ఇన్‌స్పెక్టరు 'పనివాడి అజాగ్రత్త' అని రాసుకుపోయాడు. పాత ఓనరు పెద్దమనసు చేసుకుని అక్కకు యార్డులో పలకలు పేర్చే పని ఇచ్చాడు. నేను అప్పటికే ఆ పనిలో ఉన్నాను. మిల్లు మూశాక నేను ఆస్పత్రి క్యాంటీన్లో చేరాను, అక్క ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుంది.

దాచుకోవడం ఎందుకు, అక్కంటే నాకు జాలి ఉండేది గానీ గౌరవం ఉండేది కాదు. ఎవరేం చెప్పినా తలవంచుకుని "అలాగే" అనే మనిషి. బావగారు పోయిన ఏడాది ఒకసారి, "బావగారిది మొదట్నించీ తొందర మనిషి కదక్కా" అని కూడా అన్నాను నోరు జారి. దానికీ "అవును" అంది. మా ఆయనకు మాత్రం వదినంటే ఎక్కడలేని మర్యాద. ఆమె తినందే తినడు, ఆమె నిలబడి ఉంటే కూర్చోడు. కట్టుకున్నదానికి లేని మర్యాద వదినకెందుకని నాలో నేనే సణుక్కునేదాన్ని.

ఆ ఎండాకాలం మా ఆయన వయసులో పదేళ్ళు వెనక్కి వెళ్ళిపోయాడు. మిల్లు మూసిన రోజు గేటు బయట నిలబెట్టి పంపేసినవాళ్ళు మళ్ళీ గేటు తీసి "రండి డాక్టరుగారూ" అనేసరికి, పొద్దున్నే స్పానర్ల సంచి భుజానేసుకుని తయారు.

"ఏమయ్యా, ఎండెక్కకముందే ఎక్కడికి?"

"పై చక్రం బేరింగు విప్పాలే. రెండేళ్ళుగా తిరక్క బిగుసుకుపోయింది."

"బిగుసుకుపోతే పోనీ. తిరిగి అది ఎవరిని ఉద్ధరించాలిప్పుడు?"

"యంత్రమేం చేసిందే పాపం?"

"మీ అన్నను చంపింది."

ఆయన సంచిలో చెయ్యిపెట్టి ఏదో వెతికాడు. అది దొరికిందో లేదో, తల ఎత్తకుండా బయటికి నడిచాడు.

సెక్రటరీ పట్టుబట్టి, ఎక్కడినుంచో ఆ రంపాన్ని తయారుచేసిన కంపెనీవాళ్ళ పాత డ్రాయింగు తెప్పించాడు. దాన్ని షెడ్డు గోడకు అతికించి, ఒక్క బోల్టు కూడా తేడా రాకూడదని హుకుం. పోయిన ముక్కల్ని మా ఆయన పాత స్టోరులో తవ్వి తీశాడు. పెయింటరు వచ్చి ఒంటికి ఆకుపచ్చ, చక్రాలకు ఎరుపు వేశాడు. చూసొచ్చినవాళ్ళు రంగులరాట్నంలా ఉందన్నారు. ఎక్కడానికి పిల్లలొక్కటే తక్కువ.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం సెక్రటరీ, ఓనరు కొడుకు మా ఇంటికొచ్చారు. ఇన్నేళ్ళలో ఓనరు ఇంటివాళ్ళు మా గడప తొక్కడం అదే మొదటిసారి. కుర్చీలు రెండే ఉన్నాయి, రెండిట్లో వాళ్ళే కూర్చున్నారు. సెక్రటరీ జేబులోంచి కాగితం తీసి, గొంతు సవరించుకుని, బోర్డు మీద రాయించబోయేది చదివి వినిపించాడు. పరిశ్రమ చరిత్ర, పాత ఓనరు దూరదృష్టి అన్నీ అయ్యాక బావగారి వంతు వచ్చింది. 'వృత్తికే ప్రాణం అర్పించిన త్యాగమూర్తి' అట.

పంతొమ్మిదేళ్ళలో అజాగ్రత్త మాగి మాగి త్యాగమైంది.

"ఆయనేమీ అర్పించలేదండీ" అన్నాను. "అది లాక్కుంది."

సెక్రటరీ చిన్నపిల్ల మాటకు నవ్వినట్టు నవ్వి, అక్కవైపు తిరిగాడు. "ప్రారంభోత్సవం రోజు మీ చేతులమీదుగా స్విచ్చి వెయ్యాలమ్మా. ఒక దుంగ కోస్తాం. తర్వాత మీరే ఆపాలి. పత్రికలవాళ్ళు వస్తారు."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోలేకపోయాను. "మొగుణ్ణి మింగిన రంపానికి ఆమె చేతే స్విచ్చి వేయిస్తారా? మీకు చదువు చెప్పినవాళ్ళు మర్యాద చెప్పలేదా?"

"నేను వస్తాను" అంది అక్క.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈవిడ వెన్నెముక లేకుండానే పుట్టిందనుకున్నాను. అక్క మిషను మీద గుడ్డ మడతపెట్టి పక్కనపెట్టి, "కానీ ముందొకసారి నాకు ఆ రంపాన్ని చూపించాలి" అంది.

"మీరు చూడందేముంది?" అన్నాడు ఓనరు కొడుకు.

"నేనెప్పుడూ చూళ్ళేదు బాబూ. ఆడవాళ్ళని షెడ్డులోకి రానిచ్చేవారు కాదుగా, జుట్టూ బట్టలూ బెల్టులో పడతాయని. అంతా అయిపోయాక ఆయన్ని బయటికి తెచ్చి చూపించారు. రంపాన్ని మాత్రం చూళ్ళేదు."

నేనూ చూడలేదు. ఇరవై ఏళ్ళపైన గోడ ఇవతల దాని అరుపు వింటూ వండుకు తిన్నాం. అది ఎలా ఉంటుందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. ఆ సంగతి నాకు ఆ క్షణం దాకా తట్టనే లేదు.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. సెక్రటరీ ముందు నడుస్తూ చెబుతున్నాడు. కింద ఒక చక్రం, పైన ఒక చక్రం, మనిషికంటే ఎత్తు. రెండిటినీ చుట్టి, నడుం బెల్టులా పొడవాటి ఉక్కు రంపం. దాని ముందు పట్టాలమీద దుంగను తీసుకొచ్చే ట్రాలీ. అక్క ఇవేవీ వింటున్నట్టు లేదు.

"ఆయన ఎక్కడ నిలబడేవాడు?" అని మరిదిని అడిగింది.

మా ఆయన చూపించాడు. అక్క వెళ్ళి అక్కడ నిలబడింది. రంపానికీ ఆమెకూ జానెడు దూరం. కాసేపు అలాగే నిలబడి, కింది చక్రం పక్కనున్న ఇనప పట్టీని వేలితో చూపించింది. దానికి పసుపు రంగు వేశారు. "ఇదేంటి?"

"బ్రేకమ్మా" అన్నాడు సెక్రటరీ సంబరంగా. "డ్రాయింగులో ఉంది, యంత్రానికి లేదు. కొత్తది చేయించాలేమో అనుకున్నాం. మీ మరిదిగారే స్టోరులోంచి వెతికి పట్టుకొచ్చారు. మామూలుగా మోటారు ఆపాక ఈ చక్రాల బరువుకి రంపం ఐదు నిమిషాలు తిరుగుతుంది. ఈ బ్రేకు వేస్తే అరనిమిషంలో ఆగిపోతుంది."

"అరనిమిషంలోనా?"

"ఎంత గొప్ప ఇంజనీరింగో చూడండి" అంటూ ఫోను మోగితే చెవికి ఆనించుకుని బయటికి వెళ్ళాడు.

అక్క మా ఆయనవైపు చూసింది. "ఆ రోజు ఇది ఉందా?"

"లేదు వదినా."

"ఏమైంది?"

"పట్టీ అరిగిపోయి చక్రాన్ని పట్టేస్తోంది. మాటిమాటికీ పని ఆగుతోందని ఓనరు తీసెయ్యమన్నాడు."

"ఎవరు తియ్యమన్నారని నేను అడగలేదు."

మా ఆయన చేతిలో ఉన్న గుడ్డతో, అప్పటికే శుభ్రంగా ఉన్న అరచేతుల్ని తుడుచుకున్నాడు. "నేనే విప్పాను. అన్నయ్య పోవడానికి రెండు నెలల ముందు."

"ఇన్‌స్పెక్టరు అడిగినప్పుడు?"

"దీనికి బ్రేకు రానేలేదని చెప్పాను."

అక్క ఆ పసుపు రంగు పట్టీ మీద ఒకసారి చెయ్యి వేసి, తీసేసింది. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదేమో, వేళ్ళకు అంటుకుంది.

ఇంటికొచ్చాక అక్క మిషను ముందు కూర్చుని, ఎవరిదో పరదా అంచు కుట్టడం మొదలుపెట్టింది. నేను మా ఆయన్ని వంటింట్లోకి లాగాను.

"పంతొమ్మిదేళ్ళు ఆమె ఎదురుగా కూర్చుని ఎలా తిన్నావయ్యా?"

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను. మనం ముగ్గురం రోడ్డున పడతామని."

"మీ అన్నని తొందర మనిషని నేనంటుంటే విన్నావు కదా. ఒక్కసారైనా కాదని అనాలనిపించలేదా?"

"అనిపించింది."

"మరి ఇప్పుడెందుకు తీసుకొచ్చి బిగించావు? ఆ స్టోరులోనే తుప్పుపట్టి చచ్చేది కదా."

ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "తెలీదే. డ్రాయింగు చూస్తే అక్కడ ఖాళీగా కనిపించింది."

అది పనివాడి యావో, దొరికిపోతే బాగుండునన్న ఆశో నాకు ఈనాటికీ తెలియదు. ఆయనకూ తెలియదనుకుంటాను. ఆ క్షణాన నాకు ఆయనమీద కోపం కూడా రాలేదు. కోపానికి ఎదుట మనిషంటూ ఒకడు ఉండాలి. మా ఆయన వదినకు ఇన్నేళ్ళూ చేసిన మర్యాదంతా కళ్ళముందు కదిలింది. నాకు రోత పుట్టింది. దాన్ని చూసి ఈర్ష్యపడిన నామీద కూడా.

మర్నాడు అక్క నన్ను వెంటబెట్టుకుని షోరూముకు వెళ్ళింది. సెక్రటరీ అక్కడే ఉన్నాడు, ఆహ్వానపత్రికలో తన పేరు అక్షరాలు పెద్దవి చేయిస్తున్నాడు.

"ఆ బ్రేకు తీసెయ్యాలండీ" అంది అక్క.

"ఎందుకమ్మా? డ్రాయింగులో ఉంది కదా."

"మా ఆయన కోసిన రంపానికి అది లేదు. మీరు పెట్టేది ఆయన కోసిన రంపమే కదా. అప్పుడు ఎలా ఉందో అలా ఉంటేనే నేను స్విచ్చి వేస్తాను."

సెక్రటరీ ఓనరు కొడుకువైపు చూశాడు. ఆ బ్రేకు ఎందుకు లేకపోయిందని వాళ్ళలో ఒక్కడైనా అడుగుతాడేమోనని చూశాను. చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి కదా.

"ఒక్క ఇనప ముక్కేగా" అన్నాడు ఓనరు కొడుకు. "ఆవిడ సెంటిమెంటు కాదనడమెందుకు, తీసేయించండి."

"ఒక మాట బాబూ" అంది అక్క. "రంపానికి దూరంగా తాడు కట్టించండి. ఆగేదాకా ఎవర్నీ లోపలికి రానివ్వకండి. సమయం పడుతుంది."

"అలాగే, అలాగే" అన్నాడు ఫోను చూసుకుంటూ.

బ్రేకు విప్పింది మా ఆయనే. ఆ రోజు ఇంటికొచ్చి భోజనం చెయ్యలేదు. నేనూ తినమనలేదు.

ప్రారంభోత్సవానికి షెడ్డునిండా జనం. ఎవరెవరో పెద్దమనుషులు, పత్రికలవాళ్ళు, షోరూం సేల్సువాళ్ళు. మాతో కలిసి పలకలు పేర్చిన ఆడవాళ్ళు నలుగురైదుగురు వెనకాల గోడవారన నిలబడ్డారు, వాళ్ళకు కుర్చీలు మిగల్లేదు. ముందు ప్రసంగాలు. పాత ఓనరుకు పనివాళ్ళు కన్నబిడ్డలతో సమానమని సెక్రటరీ చెప్పాడు. గోడవారన ఎవరో దగ్గారు.

మా ఆయన ట్రాలీ దగ్గర నిలబడ్డాడు. అక్క జుట్టు బిగించి ముడి వేసుకుని, స్విచ్చి బోర్డు దగ్గరికి వెళ్ళి ఆకుపచ్చ బొత్తాం నొక్కింది. మోటారు మూలిగింది. చక్రాలు కదిలాయి, వేగం అందుకున్నాయి. గోడ ఇవతలినుంచి ఇన్నేళ్ళు విన్న అరుపు ఇంతదగ్గరగా వింటే కాళ్ళకింద నేల వణికింది. దుంగ వచ్చి రంపానికి తగిలింది. పొట్టు ఎగిరింది. పలక ఒకటి విడిపోయి అవతలి బల్లమీద పడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అక్క ఎర్ర బొత్తాం నొక్కింది. మోటారు చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

అదే మోసం. మోటారు ఆగగానే యంత్రం ఆగినట్టే ఉంటుంది. మిగిలేది సన్నటి గాలి చప్పుడు, చప్పట్లలో అదీ వినపడదు. అంత వేగంలో రంపం పళ్ళు కనిపించవు. నున్నటి ఉక్కు పట్టీ ఒకటి కదలకుండా నిలబడ్డట్టు ఉంటుంది. ఆగదని తెలిసి కూడా నేనూ క్షణకాలం ఆగిపోయిందనే అనుకున్నాను.

ఓనరు కొడుకు ఒక చేతిలో చుట్టిన సన్మానపత్రం పట్టుకుని, నవ్వుతూ, తను కట్టించిన తాడు తనే దాటాడు. ఆ కోసిన పలకను చేత్తో పట్టుకుని అక్కతో ఫొటో దిగాలని కాబోలు, బల్లమీదికి వంగి చెయ్యి చాచాడు. ట్రాలీ అవతలినుంచి మా ఆయన అరిచాడు. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు.

అక్క రెండడుగుల్లో వెళ్ళి అతని కోటు కాలరు పట్టుకుని వెనక్కి లాగింది. ఎంత బలంగా లాగిందంటే అతను వెల్లకిలా ఆమెమీద పడబోయాడు. చేతిలోని సన్మానపత్రం అంచు రంపానికి తగిలింది. చిన్న చప్పుడుతో సగం కాగితం మాయమైంది. తునకలు ముందు వరసలో కూర్చున్నవాళ్ళ ఒళ్ళో పడ్డాయి.

చప్పట్లు ఆగిపోయాయి.

"ఆగింది కదా" అన్నాడతను. చేతిలో మిగిలిన సగం కాగితం వంక చూశాడు.

"మా ఆయనా అలాగే అనుకున్నాడు" అంది అక్క.

"అరనిమిషమన్నారు..."

"అది బ్రేకుంటే. అప్పట్లో దాన్ని మీ నాన్నగారు తీయించేశారు." ఆమె గొంతు పెంచలేదు. షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉంటే పెంచాల్సిన అవసరమూ లేదు. "తీసినవాడు అదిగో, అక్కడ నిలబడ్డాడు."

అందరూ మా ఆయనవైపు చూశారు. ఆయన తల దించుకోలేదు. "అవును, నేనే తీశాను" అన్నాడు. ఆ మాట పంతొమ్మిదేళ్ళ కిందట ఇన్‌స్పెక్టరు ముందు చెప్పాల్సింది.

సెక్రటరీ మైకు పట్టుకుని, దాన్ని ఒకసారి తట్టి, మళ్ళీ పెట్టేశాడు. అక్క కాలరు వదల్లేదు. అలా పట్టుకునే నిలబడింది, అతనూ విడిపించుకోలేదు. రంపం తిరుగుతూనే ఉంది. పెద్దమనుషులు వాచీలు చూసుకున్నారు. ఒకాయన లేవబోయి, లేస్తే ఏమనుకుంటారోనని మళ్ళీ కూర్చున్నాడు. ఐదు నిమిషాలంటే ఎంతో నాకు ఆ రోజే తెలిసింది. అంతసేపూ ఆగి, ఆ తర్వాత చెక్క తియ్యాలి. రోజుకు ఎన్నిసార్లు ఇరుక్కుంటే అన్నిసార్లు ఆగాలి. ఆగితే పని పోతోందని పైనుంచి కేకలు. బావగారిది తొందర అన్నాను నేను.

గాలి చప్పుడు తగ్గింది. ఉక్కు పట్టీ అంచు మసకబారింది, తర్వాత పళ్ళు ఒక్కొక్కటిగా కళ్ళకు ఆనడం మొదలుపెట్టాయి. చివరికి చక్రం ఒకసారి ముందుకూ వెనక్కీ ఊగి ఆగింది. అప్పుడు అక్క కాలరు వదిలింది.

"ఇప్పుడు తీసుకో బాబూ, నీ పలక" అంది.

మర్నాటి పత్రికల్లో 'ఘనంగా ప్రారంభోత్సవం' అని వచ్చింది. రెండోరోజు బ్రేకు మళ్ళీ బిగించారు, మూడోరోజు మోటారుకు కరెంటు తీగ కోసేశారు. బోర్డు మీద త్యాగమూర్తి అలాగే ఉన్నాడు. మా ఆయన్ని వచ్చేపోయేవాళ్ళకు యంత్రం చూపించే పనికి రమ్మన్నారు. ఆయన వెళ్ళలేదు. నేను మెచ్చుకోలేదు. అంత ఆలస్యంగా వచ్చిన సిగ్గుకు చప్పట్లు కొట్టే అలవాటు నాకు లేదు.

మొదటి వానలు పడ్డ వారంలో అక్క బజారు వెనకాల ఒక గది చూసుకుంది. కింద టైలరు కొట్టు, పైన గది. ఆ ఉదయం మా ఆయన పెందలాడే ఎక్కడికో వెళ్ళిపోయాడు. కుట్టుమిషనును తోపుడుబండి మీద పెట్టించి, నేనూ అక్కా చెరోవైపు పట్టుకుని తీసుకెళ్ళాం. గది చిన్నదే. కిటికీ తీస్తే వీధిలో బళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. మిషనును కిటికీ పక్కన సర్ది, ఒకసారి తొక్కి చూసుకుని, బాగానే ఉందంది.

"అక్కా, బావగారిని నేనన్న మాట..."

"విన్నది నేనే కదా. నేనూ అవునన్నాను." దారపు కండెలు తీసి అరలో పెట్టుకుంటూ, "నువ్వొస్తూ ఉండు" అంది.

"ఆయనకేం చెప్పమంటావు? అడుగుతాడు."

అక్క చాలాసేపు కండెల్ని రంగుల వారీగా సర్దింది. "ఏమీ చెప్పకు. చెప్పకుండా ఉండటం ఆయనకు తెలిసిన పనే కదా. అవతలి వైపున ఎలా ఉంటుందో అదీ తెలుసుకోనీ."

నేను ఇంటికొచ్చేసరికి మా ఆయన ముందుగదిలో ఉన్నాడు. మిషను తీసేసినచోట నేలమీద మిగిలిన నాలుగు గుర్తుల దగ్గర నిలబడ్డాడు. నేను తడిసిన చెప్పులు విప్పి, వంటింట్లోకి వెళ్ళి, ఇద్దరికీ సరిపడా బియ్యం పొయ్యిమీద పెట్టాను. కాసేపటికి గుమ్మం దగ్గరికొచ్చాడు.

"ఏమంది?"

"ఏమీ అనలేదు" అన్నాను.

ఆయన అక్కడే నిలబడ్డాడు, ఇంకేమైనా చెబుతానేమోనని. నేను ఉల్లిపాయలు తరుగుతూనే ఉన్నాను.